2009 తర్వాత ఏం చేశారు?

బీడీఎస్‌లో ప్రతి ఏడూ మొదటి ప్రయత్నంలోనే పాసై, ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నవాళ్లు ఈ అధ్యాయం వదిలేసి ముందుకు వెళ్లవచ్చు. ఇది సప్లిమెంటరీ రాసినవాళ్ల కోసం. యాభై అయిదు శాతం దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం. పెళ్లయి అమెరికా వచ్చి, ఇక్కడ మళ్లీ డెంటిస్టుగా పనిచేయాలని గట్టిగా ఉన్నా, పాత మార్కుల జాబితా గుర్తొచ్చినప్పుడల్లా ఆ ఆలోచన పక్కన పెట్టేసేవాళ్ల కోసం.

నేనూ మీలో ఒకదాన్నే. 2003లో ఎంసెట్ రాసి కోస్తాలో ఒక ప్రైవేటు డెంటల్ కాలేజీలో చేరాను. రెండో ఏడు ఫార్మకాలజీ పోయింది. సప్లిమెంటరీలో గట్టెక్కాను. మూడో ఏడు జనరల్ మెడిసిన్‌లో అంచు మీద బయటపడ్డాను. మొత్తం మీద 57 శాతం. 2009లో హౌస్ సర్జన్సీ అయింది. 2011లో హెచ్4 వీసా మీద డాలస్ వచ్చాను. 2019లో డీడీఎస్ పట్టా అందుకున్నాను. మధ్యలో ఎనిమిదేళ్లు. అందులో మూడేళ్లు కచ్చితంగా నా తప్పుల వల్లే పోయాయి. మీవి అలా పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు దారి ఏమిటో చెబుతాను. అమెరికాలో దాదాపు ఏ రాష్ట్రంలోనైనా డెంటిస్టుగా లైసెన్సు కావాలంటే కోడా అనే సంస్థ గుర్తింపు ఉన్న స్కూలు నుంచి డిగ్రీ ఉండాలి. మన బీడీఎస్‌కు ఆ గుర్తింపు లేదు. అందుకని ఇక్కడి స్కూళ్లు చాలావరకు విదేశీ డెంటిస్టుల కోసం అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ అనే కోర్సు నడుపుతాయి. నాలుగేళ్ల చదువులో మన బీడీఎస్‌కు కొంత తగ్గించి రెండు, రెండున్నర, మూడేళ్లలో డిగ్రీ ఇస్తాయి. కొన్ని స్కూళ్లు దాన్ని డీడీఎస్ అంటాయి, కొన్ని డీఎండీ అంటాయి. మొదటిది 1840లో బాల్టిమోర్‌లో పుట్టిన పేరు, రెండోది 1867లో హార్వర్డ్ పెట్టుకున్న పేరు. చదువూ హక్కులూ రెండింటికీ ఒక్కటే. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఎక్కువ స్కూళ్లకు కాపిడ్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారానే వెళ్లాలి. అందులో మీ మార్కుల మదింపు రిపోర్టు, ఐఎన్‌బీడీఈ అనే బోర్డు పరీక్ష ఫలితం, టోఫెల్ స్కోరు, సిఫారసు లేఖలు, మీ గురించి మీరు రాసుకునే వ్యాసం ఉంటాయి. అవి చూసి పిలిస్తే ఇంటర్వ్యూ. చాలాచోట్ల దాంతో పాటు బెంచ్ టెస్ట్, అంటే ప్లాస్టిక్ పళ్ల మీద మీ చేతి పని చూసే పరీక్ష.

మీ మార్కులు నిజంగా ఎంత తక్కువ?

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. నేను 57ని 25తో భాగించి, 2.28 జీపీఏ అని నాకు నేనే తీర్పు రాసేసుకున్నాను. రెండేళ్లు ఆ అంకె మోసుకుంటూ తిరిగాను. తీరా మదింపు రిపోర్టు వచ్చాక చూస్తే 2.9 ఉంది. గొప్ప అంకె కాదు, కానీ 2.28 కూడా కాదు.

మన దగ్గర థియరీలోనూ ప్రాక్టికల్స్‌లోనూ విడివిడిగా సగం మార్కులు వస్తేనే పాస్. అరవై అయిదు దాటితే క్లాసులో పేరున్నట్టే. తొంభైలు వేసే దేశంతో ఆ శాతాన్ని నేరుగా పోల్చకూడదు. ఈసీఈ, డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు చేసే పని అదే. మన విధానం చూసి, సబ్జెక్టు వారీగా గ్రేడ్లు వేసి ఇస్తాయి. రెండు సంస్థలు ఒకే మార్కుల జాబితాను ఒకేలా మార్చాలని లేదు. కొన్ని స్కూళ్లు ఒక సంస్థ రిపోర్టే అడుగుతాయి, కొన్ని రెండింటిలో ఏదైనా చాలంటాయి. అందుకే డబ్బు కట్టేముందు మీరు వెళ్లాలనుకునే స్కూళ్ల పేజీలు చదవండి. రిపోర్టు చేతికి రాకముందే నాకు సీటు రాదని నిర్ణయించుకోవడం మాత్రం వద్దు.

ఇక్కడే పేర్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన తెలుగువాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరం, యూనివర్సిటీ మెమోలో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో పెళ్లయ్యాక మారిన పేరు. మదింపు సంస్థకు ఇవి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తాయి. ముందే సరిచూసుకుని, అవసరమైతే అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టు సీలు వేసిన కవరులో నేరుగా రావాలి. నా ట్రాన్‌స్క్రిప్టు కోసం మా నాన్నగారు విజయవాడకు మూడుసార్లు బస్సెక్కారు.

మీ సప్లిమెంటరీ విషయం వాళ్లకు తెలియదనుకోకండి. మెమోల తేదీల్లోనే అది ఉంటుంది. తెలుస్తుందని ఒప్పుకుని ముందుకు నడిస్తే సగం భయం పోతుంది.

నా మొదటి ఏడాది

2014లో పద్నాలుగు స్కూళ్లకు దరఖాస్తు పెట్టాను. నాకు తెలిసిన పేర్లన్నీ అందులో ఉన్నాయి. నా రిపోర్టు వాటికి సరిపోతుందా, వాళ్లు కనీస జీపీఏ ఎంతంటున్నారు, ఒక్కటీ చూడలేదు. పోర్టల్ మార్చి నెలలో తెరుచుకుంటే నేను గడువు చివరి వారంలో పంపాను. దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టే చూసి పిలిచే స్కూళ్లలో చివరి వారానికి ఇంటర్వ్యూ పిలుపులు చాలావరకు అయిపోతాయని అప్పటికి నాకు తెలియదు. వ్యాసంలో మా అమ్మమ్మ కట్టుడు పళ్ల గురించి రాశాను. ఫార్మకాలజీ ఊసే ఎత్తలేదు.

ఒక్క పిలుపూ రాలేదు.

ఆ శీతాకాలం ఎలా గడిచిందో రాయను. ఇండియా నుంచి ఎవరు ఫోన్ చేసినా ముందడిగేది సీటు సంగతే. ఒకరోజు ధైర్యం చేసి, నన్ను తిరస్కరించిన స్కూళ్లకు వరసగా ఫోన్లు చేశాను. ఎక్కువమంది కారణాలు చెప్పలేమన్నారు. ఒకచోట ఒకావిడ మాత్రం నా ఫైలు తెరిచి, నెమ్మదిగా అడిగింది. "మీ ఫైలు 2009లో ఆగిపోయింది. 2009 తర్వాత ఏం చేశారు?"

పెళ్లి, వీసా, కాపురం, బోర్డు పరీక్ష చదువు. అంతే చెప్పగలిగాను. ఆవిడ నా మార్కుల గురించి ఒక్క మాట కూడా అనలేదు. నేను మాత్రం అప్పటిదాకా మార్కుల గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

మార్కులు తక్కువున్న ఫైలు తెరిచినప్పుడు కమిటీకి వచ్చే సందేహం ఒక్కటే. ఈ మనిషి మా చదువు తట్టుకుంటుందా, మా పేషెంటు దగ్గర కూర్చోబెట్టవచ్చా? ఇరవై ఏళ్ల వయసులో మీరు రాసిన పరీక్ష ఆ ప్రశ్నకు పాత జవాబు. దాన్ని ఎవరూ చెరపలేరు. దాని మీద ఇంకో జవాబు పెట్టాలి. అది ఈ మధ్యదై ఉండాలి, తేదీ ఉండాలి, మీరు కాక వేరొకరు సంతకం పెట్టినదై ఉండాలి. ఈ అధ్యాయంలో మిగిలిందంతా ఆ కొత్త జవాబు ఎలా తయారు చేసుకోవాలన్నదే.

తలకు సంబంధించిన జవాబు

బోర్డు పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకుని బీడీఎస్ మార్కులను కప్పేయవచ్చని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు అది నిజం. 2012 నుంచి బోర్డు ఫలితాల్లో పాసైనవాళ్లకు అంకె చెప్పడం మానేశారు. 2020 ఆగస్టులో మొదలైన ఐఎన్‌బీడీఈ కూడా అంతే. రెండు రోజుల్లో 500 ప్రశ్నలు, చివరికి పాస్ అన్న ఒక్క మాట. మీరు అంచున పాసైనా, అద్భుతంగా రాసినా స్కూలుకు కనిపించేది ఆ మాటే. కాబట్టి మార్కులు తక్కువున్నవాళ్లు ఐఎన్‌బీడీఈ నుంచి ఆశించాల్సింది ఒక్కటి: మొదటి ప్రయత్నంలోనే పాసవడం. ఇప్పటికే ఒక సప్లిమెంటరీ ఉన్న ఫైలులో బోర్డు పరీక్ష కూడా పోతే సందేహం రెట్టింపవుతుంది. సిద్ధంగా లేకుంటే తేదీ వాయిదా వేసుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదది.

అంకె కనిపించే చోటు వేరేది వెతుక్కోవాలి. హెచ్4 మీద ఉన్నవాళ్లు చదువుకోవడానికి అడ్డు లేదు. నేను మా ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం బ్యాచిలో మైక్రోబయాలజీ తీసుకున్నాను, తర్వాత సెమిస్టరులో నర్సింగ్ విద్యార్థుల ఫార్మకాలజీ. రెండింట్లోనూ ఏ గ్రేడు. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు, పక్క సీట్లో పద్దెనిమిదేళ్ల పిల్లలు. ఎందులో తప్పానో అదే సబ్జెక్టు పదేళ్ల తర్వాత ఏ గ్రేడుతో నా ఫైలులో పడింది. నా ఫైలులో దానికంటే బలంగా మాట్లాడిన కాగితం ఇంకొకటి లేదు.

కొందరు ఇందుకోసం పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేస్తారు. ప్రజారోగ్యం మీద నిజంగా ఆసక్తి ఉంటే మంచి చదువు. డెంటల్ సీటుకు మెట్టు అని మాత్రమే చేరేట్టయితే ఆగి ఆలోచించండి. రెండేళ్ల ఫీజు, దాని మీద మళ్లీ డెంటల్ స్కూలు ఫీజు. రెండు అప్పులు ఒకే జీతంలోంచి తీర్చాలి. రెండు కాలేజీ సబ్జెక్టులతో వచ్చే జవాబు కోసం రెండేళ్ల డిగ్రీ కొనుక్కోనక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల సంగతి వేరు. వాళ్లు నాలుగేళ్ల కోర్సుకు ఆడ్‌సాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా, డ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి వెళ్తారు. తక్కువ గ్రేడు వచ్చిన సబ్జెక్టు మళ్లీ చదివితే పాతది మాయమవుతుందని తల్లిదండ్రులు అనుకుంటారు. ఆడ్‌సాస్ రెండింటినీ లెక్కేస్తుంది. అందుకే పాతవే తిరగేయడం కంటే బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ లాంటి పైస్థాయి సబ్జెక్టుల్లో కొత్తగా మంచి గ్రేడ్లు తెచ్చుకోవడం వాళ్లకు ఎక్కువ లాభం.

చేతికి సంబంధించిన జవాబు

మనది చేతి వృత్తి. మార్కుల జాబితా మీ జ్ఞాపకశక్తి గురించి ఎంతో కొంత చెబుతుందేమో కానీ, మీ చెయ్యి వణుకుతుందో లేదో చెప్పదు. బెంచ్ టెస్ట్ ఉన్న స్కూళ్లు తక్కువ మార్కులున్నవాళ్లకు మేలు చేస్తాయని నేను గట్టిగా నమ్ముతాను. ఆ గదిలో మీ జీపీఏ ఎవరికీ కనిపించదు. ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ దవడే కనిపిస్తుంది.

కానీ ఆ గదిలోకి ఇండియా అలవాట్లతో వెళ్తే కష్టం. మొదటిది పళ్ల నంబర్లు. మనం ఎఫ్‌డీఐ పద్ధతిలో 36 అంటాం, ఇక్కడ అదే పన్ను 19. మన 46 ఇక్కడ 30. మన 16 ఇక్కడ 3. పై కుడి జ్ఞానదంతం దగ్గర ఒకటితో మొదలై, పైవరస చుట్టి, కింద ఎడమ నుంచి కింద కుడికి వచ్చి 32తో ఆగుతుంది. పరీక్ష ఒత్తిడిలో 30 అనగానే చెయ్యి తడబడకుండా సరైన పన్ను మీదికి వెళ్లాలి. తప్పు పన్ను మీద చేసిన అద్భుతమైన ప్రిపరేషన్‌కు మార్కులు ఉండవు. నేను పది రోజులు వంటింట్లో డబ్బాల మీద కూడా ఇక్కడి నంబర్లే రాసుకున్నాను.

రెండోది అద్దం. కాలేజీలో పై పళ్లు చేసేటప్పుడు మనం మెడ వంచి, తల తిప్పి నేరుగా చూడటానికి అలవాటు పడ్డాం. ఇక్కడ వీపు నిటారుగా ఉంచి, మౌత్ మిర్రర్‌లో చూస్తూ పనిచేయడం ఆశిస్తారు. అద్దంలో కుడి ఎడమలు తారుమారు. మొదటి నెల నరకం. మూడో నెలకు అలవాటవుతుంది, కానీ ఆ మూడు నెలలూ ముందే గడపాలి.

మూడోది కొలత. నాతో చదివినవాళ్లలో చాలామంది కంటి అంచనాతో పనిచేసేవారు. ఇక్కడ మిల్లీమీటరు లెక్క. ఎమాల్గమ్ ప్రిపరేషన్‌లో పల్పల్ ఫ్లోర్ లోతు ఒకటిన్నర మిల్లీమీటరు. 330 బర్ తల పొడవు అంతే ఉంటుంది కాబట్టి అదే మీ కొలబద్ద. ఫుల్ మెటల్ క్రౌనుకు ఫంక్షనల్ కస్ప్ దగ్గర ఒకటిన్నర, రెండో వైపు ఒకటి. ప్రతి పన్నూ అయ్యాక పెరియో ప్రోబ్ పెట్టి కొలిచి, మీ మీద మీరే మార్కులు వేసుకోండి. క్లాస్ టూ చేస్తూ పక్క పన్నుకు గీత పడిందంటే మిగతాదంతా ఎంత బాగున్నా లాభం లేదు. అక్కడ ఒక పల్చటి మెటల్ బ్యాండు అడ్డం పెట్టుకోవడం చేతికి అలవాటు చేసుకోండి.

నేను అసిస్టెంటుగా చేరిన క్లినిక్‌లో (ఆ సంగతి తర్వాత చెబుతాను) సాయంత్రం ఆరు తర్వాత ఒక కుర్చీ వాడుకోవడానికి డాక్టరుగారు ఒప్పుకున్నారు. టైపోడాంట్ నేనే కొన్నాను. ఒక్కో ప్లాస్టిక్ పన్నుకు విడిగా డబ్బు పోయాలి, అది చిన్న ఖర్చు కాదు. ఏడాదిలో రెండు వందలకు పైగా పళ్లు అరగదీశాను. ప్రతి పన్నూ తేదీ రాసి, ఏం తప్పు చేశానో ఒక వాక్యం రాసి, జిప్‌లాక్ కవర్లో పెట్టేదాన్ని. మొదటి నెల కవర్లు, పదో నెల కవర్లు పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజున, నాకు సీటు వస్తుందని మొదటిసారి అనిపించింది.

సక్షన్ పట్టుకోవడం

2015 మే నెలలో ఒక మార్పు జరిగింది. భర్త గ్రీన్ కార్డు ప్రక్రియలో ఐ-140 ఆమోదం పొందిన హెచ్4 వాళ్లకు పని అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. మావారికి ఆ ఆమోదం ఉంది. పని అనుమతి కార్డు రాగానే నేను డెంటల్ అసిస్టెంటుగా చేరాను. టెక్సస్‌లో అసిస్టెంటు ఎక్స్‌రే తీయాలన్నా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. అదీ చేయించుకున్నాను.

అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. "ఏమ్మా, అంత చదివించింది సక్షన్ పట్టుకోడానికా?" అంది. మా అత్తయ్యగారు ఏమీ అనలేదు గానీ, చుట్టాలతో నేను ఆస్పత్రిలో పనిచేస్తున్నానని మాత్రమే చెప్పేవారు. నాకూ మొదటి వారం గొంతు పట్టేసింది. నేను పీకగలిగిన పన్ను ఇంకొకరు పీకుతుంటే పక్కన నిలబడి ట్రే అందించాలి.

ఈ మెట్టు దగ్గరే ఎక్కువమంది వెనక్కి తిరిగిపోతారు. డాక్టర్ని కదా అన్న మాట అడ్డం వస్తుంది. ఆ మాట పక్కన పెట్టి రెండేళ్లు ఆ పని చేయండని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఇక్కడి పేషెంటుతో మాట్లాడే తీరు పుస్తకాల్లో దొరకదు. ప్రతి పనీ ఎందుకు, ఎంత ఖర్చు, చేయించుకోకపోతే ఏమవుతుంది అని విప్పి చెప్పి, ఒప్పుకున్నాకే చెయ్యి వేయాలి. ఇన్సూరెన్సు కోడ్లు, చార్టింగ్ సాఫ్ట్‌వేర్, స్టెరిలైజేషన్ పద్ధతి, రబ్బర్ డ్యామ్ లేకుండా రూట్ కెనాల్ మొదలుపెట్టకపోవడం, వార్ఫరిన్ వాడే మనిషి పన్ను తీసేముందు ఐఎన్‌ఆర్ రిపోర్టు తెప్పించుకోవడం, అన్నీ రోజూ కళ్లముందు జరుగుతాయి. వీటన్నిటి కంటే ముఖ్యం, ఆ క్లినిక్ యజమాని రాసే లేఖ. ఇండియా ప్రొఫెసర్‌గారు ఏడేళ్ల కిందటి విద్యార్థిని గుర్తు తెచ్చుకుని రాస్తారు. ఈయన నిన్న సాయంత్రం నన్ను చూసి రాశాడు.

పని అనుమతి లేనివాళ్లు ఉచిత శిబిరాల్లో సేవ చేయవచ్చు. రిమోట్ ఏరియా మెడికల్ అనే సంస్థ 1985 నుంచి అలాంటివి నడుపుతోంది. పన్ను నొప్పితో వచ్చి, వరసలో చోటు కోసం రాత్రంతా కార్లలోనే పడుకునే అమెరికన్లను అక్కడ చూశాను. నాకిచ్చిన పని పనిముట్లు కడగడం. రెండు రోజులు అదే చేశాను. అయితే జీతం రాకపోయినా జీతం ఇచ్చే పనికి బదులుగా చేసేది సేవ కాదని వీసా నియమాలు అంటాయి. ప్రైవేటు క్లినిక్‌లో ఉచితంగా పనిచేయమంటే ఇమిగ్రేషన్ లాయర్ని అడగకుండా ఒప్పుకోకండి.

తప్పు గురించి రాయడం

రెండోసారి వ్యాసంలో ఫార్మకాలజీ గురించి మూడు వాక్యాలు రాశాను. రెండో ఏడు తప్పాను. బట్టీ పట్టి చదివాను గనుక తప్పాను. తర్వాత అదే సబ్జెక్టు ఇక్కడ చదివి ఏ గ్రేడు తెచ్చుకున్నాను. అంతే. యూనివర్సిటీ మార్కులు సరిగ్గా వేయదని రాయలేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ని తిట్టలేదు. ఇంట్లో కష్టాలున్నాయని సానుభూతి అడగలేదు. నిజంగా ఇంట్లో చావో, జబ్బో జరిగి ఉంటే ఒక వాక్యంలో చెప్పండి, తప్పులేదు. లేనిది కల్పించవద్దు.

ఇక్కడ గొంతు పెంచి చెప్పాల్సిన మాట ఒకటుంది. డబ్బు తీసుకుని వ్యాసం రాసిపెట్టేవాళ్లు, చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం ఇచ్చేవాళ్లు, ప్రొఫెసరు పేరుతో తామే లేఖ రాసి పంపేవాళ్లు ఉన్నారు. వాళ్ల జోలికి వెళ్లకండి. అబద్ధం బయటపడితే ఆ ఒక్క స్కూలుతో ఆగదు, ఉమ్మడి దరఖాస్తు కాబట్టి అన్నింటి దగ్గరా దారి మూసుకుంటుంది. చేరాక బయటపడినా తీసేస్తారు. తక్కువ మార్కులున్న ఫైలుకు ఉన్న ఒకే ఆస్తి నమ్మకం. దాన్ని చేజేతులా తగలబెట్టుకోకండి.

స్కూళ్లను ఎంచుకునేటప్పుడు ఒక నోట్‌బుక్కు పెట్టుకోండి. కనీస జీపీఏ రాసిపెట్టిన స్కూలు, మీకు అది లేకపోతే, కొట్టేయండి. ఆశపడి ఫీజు కట్టకండి. బెంచ్ టెస్ట్ పెట్టే స్కూళ్లను పైకి తీసుకురండి. న్యూయార్క్ యూనివర్సిటీ, యూఎస్‌సీ, బోస్టన్ యూనివర్సిటీ లాంటి పెద్ద ప్రైవేటు స్కూళ్లలో అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ సీట్లు ఎక్కువ, ఫీజులూ ఎక్కువే. పెద్ద ప్రైవేటు స్కూళ్లలో ఏడాది ఫీజు లక్ష డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది, కొన్నిచోట్ల దాటుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కూడా ఇప్పుడు లెక్క మారింది. 2026 జులై 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ రుణం ఉండదు. వృత్తి కోర్సులకు ప్రభుత్వ రుణం ఏడాదికి 50 వేల డాలర్లకు, మొత్తం 2 లక్షలకు పరిమితం. మిగిలింది ప్రైవేటు బ్యాంకు దగ్గరే. ఇంట్లో ఇద్దరూ కూర్చుని కాగితం మీద ఈ లెక్క వేసుకోకుండా దరఖాస్తు పెట్టకండి. సీటొచ్చాక డబ్బు సంగతి చూద్దామనుకుని, వచ్చిన సీటు వదులుకున్నవాళ్లు నాకు తెలుసు.

2016లో తొమ్మిది స్కూళ్లకే పంపాను, పోర్టల్ తెరిచిన రెండు వారాల్లో. రెండు పిలుపులు వచ్చాయి. మొదటిచోట బెంచ్‌లో క్రౌను మార్జిన్ తేడా చేశాను, సీటు రాలేదు. రెండోచోట ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నా మెమో చూస్తూ, "ఫార్మకాలజీ ఎందుకు పోయింది?" అని సూటిగా అడిగారు. ఆ ప్రశ్న కోసమే రెండేళ్లు ఎదురుచూసినట్టు జవాబు చెప్పాను. అప్పుడు మందుల పేర్లు బట్టీ పట్టాననీ, మందు ఒంట్లో ఏం చేస్తుందో అర్థం చేసుకోలేదనీ, ఇప్పుడు క్లినిక్‌లో రోజూ పేషెంటు మందుల చీటీ మొదట చదివేది నేనేననీ చెప్పాను. ఆయన మెమో మూసి, కాలేజీలో తీసుకున్న క్లాసు గురించి అడిగారు. 2017లో చేరాను.

అందరికీ వస్తుందని నేను రాయలేను. నాతో కలిసి చదివినవాళ్లలో నాలుగుసార్లు ప్రయత్నించి రానివాళ్లూ ఉన్నారు. ప్రతి ఏడూ అదే ఫైలు మళ్లీ పంపితే ప్రతి ఏడూ అదే జవాబు వస్తుంది. కొత్తగా చేర్చింది ఏమీ లేకపోతే ఆ ఏడాది ఫీజు దాచుకుని, ఫైలు మీద పనిచేయండి. మూడు ప్రయత్నాలు, ప్రతిసారీ నిజంగా మెరుగైన ఫైలుతో చేసినా రాకపోతే, డెంటల్ హైజీన్ కోర్సు, రీసెర్చ్, ప్రజారోగ్యం, లేదా ఇండియా వెళ్లి ప్రాక్టీసు, వీటి గురించి కుటుంబంతో కూర్చుని మాట్లాడండి. అవి ఓడిపోయినవాళ్ల పనులు కావు. మా బ్యాచిలో ఒకమ్మాయి తెనాలి దగ్గర క్లినిక్ పెట్టుకుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పన్ను నొప్పి వస్తే ఆమె పేరే చెబుతారు.

ప్రయత్నిద్దామనుకునేవాళ్లు మొదట చేయాల్సింది యూనివర్సిటీకి ట్రాన్‌స్క్రిప్టు దరఖాస్తు పంపడం. అన్నిటికంటే ఆలస్యమయ్యేది అదే, మీ చేతిలో లేనిదీ అదే. పోర్టల్ తెరిచేది మార్చిలో. ఈ వారమే పంపండి.